బ్రెస్లావు నుంచి వేలూరు దాకా

మంట దగ్గరికి జరగండర్రా, అలా దూరంగా కూర్చుంటే వీపు బిగుసుకుపోతుంది. శ్రీనూ, ఆ తుమ్మ మొద్దు కాస్త లోపలికి తొయ్యి. బుజ్జమ్మా, నువ్విటు రా. నీ జపాను ప్రయాణం ఖాయమైనప్పటి నుంచీ మీ నాయనమ్మ మనసు మనసులో లేదు. "ఎంసీహెచ్ పూర్తయింది, ఉద్యోగం వచ్చింది, తలకాయ కోసే చదువు ఇక్కడ ఇంత చదివాక మళ్ళీ ఆ దేశం పోయి నేర్చుకునేదేముంది?" అంటోంది. దానికి ఒక్క మాటలో జవాబు చెబితే ఆవిడ ఒప్పుకోదు. అందుకని మా వృత్తిలో పాత ముచ్చట్లు కొన్ని చెబుతాను. ఏమేవ్, నువ్వూ ఆ కుర్చీ ఇటు లాక్కుని విను.

మొదట రష్యాలో జరిగింది చెబుతా. 1962 జనవరి 7. మాస్కో నుంచి దుబ్నా వెళ్ళే రోడ్డంతా మంచు గడ్డకట్టి ఉంది. ఓ వోల్గా కారు బ్రేకు వేసేసరికి జారిపోయి ఎదురుగా వస్తున్న లారీ కిందికి వెళ్ళింది. అందులో ఉన్నాయన లెవ్ లాండావు. ఫిజిక్స్ చదివినవాళ్ళకి ఆయనెవరో నేను చెప్పక్కర్లేదు. పుర్రె అడుగు ఎముక పగిలింది, పక్కటెముకలు విరిగాయి, మనిషికి తెలివి లేదు. ఆస్పత్రికి చేర్చాక రోజుల తరబడి ఊపిరి ఆగడం, మళ్ళీ తీసుకురావడం. నాలుగుసార్లు పోయాడనుకున్న మనిషిని నాలుగుసార్లూ వెనక్కి లాక్కొచ్చారు.

ఆ ఆస్పత్రిలో అప్పుడు జరిగింది వింటే ఒళ్ళు జలదరిస్తుంది. లాండావు శిష్యులు, తోటి శాస్త్రవేత్తలు, దేశంలోకెల్లా పెద్ద బుర్రలు, అక్కడే మకాం వేసి వంతులేసుకుని డ్యూటీ చేశారు. ఒకరు ఫోను దగ్గర, ఒకరు మందుల కోసం విమానాశ్రయంలో, ఇంకొకరు యంత్రాల కోసం ఊరు మీద. పోలియో సంస్థ నుంచి ఊపిరి యంత్రం తెప్పించారు. రష్యాలో దొరకని మందులు పశ్చిమ దేశాల నుంచి విమానాల్లో వచ్చాయి. బెర్లిన్ గోడ కట్టి అప్పటికి ఆర్నెల్లయినా కాలేదు. అదే ఏడాది అక్టోబరులో క్యూబా దగ్గర అమెరికా, రష్యా అణుబాంబులు పెట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డాయి. అలాంటి రోజుల్లో అవతలి పక్షం నుంచి లాండావు పేరు మీద మందుల పొట్లాలు వచ్చాయి.

మందులతో పాటు మనుషులూ వచ్చారు. ప్రాగ్ నుంచి న్యూరోసర్జన్ జ్డెనెక్ కుంట్స్ వచ్చారు, పారిస్ నుంచీ వచ్చారు. ఫిబ్రవరి చివర్లో కెనడాలోని మాంట్రియల్ నుంచి వైల్డర్ పెన్‌ఫీల్డ్ వచ్చారు. అప్పటికి ఆయనకు డెబ్భై దాటాయి. ప్రశ్న ఒక్కటే: తల తెరవాలా, వద్దా? లోపల రక్తం గడ్డ ఉంటే తెరిస్తే మేలు. లేకపోతే ఆ ఆపరేషనే ఆయన్ని పొట్టన పెట్టుకుంటుంది. ఈరోజుల్లో అయితే సీటీ తీస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. అప్పుడు సీటీ అనే మాటే లేదు. పెన్‌ఫీల్డ్ మొదటిరోజు చూసినప్పుడు మనిషిలో ఉలుకూ పలుకూ లేదు, లోపల పరీక్ష చేసి చూడాల్సిందే అనుకున్నారు. మర్నాడు మళ్ళీ వెళ్ళారు. వెంట ఆయన భార్య హెలెన్ కూడా ఉంది. ఆవిడ మంచం దగ్గరికి వచ్చేసరికి లాండావు చూపు ఆవిడ మీదికి తిరిగి అక్కడే ఆగిందట. అది కావాలని చూసిన చూపు. పెన్‌ఫీల్డ్ కనిపెట్టేశారు. తెలివి వస్తోంది, కత్తి పెట్టొద్దన్నారు. పెట్టలేదు. మనిషి బతికాడు. ఆ డిసెంబరు 10న స్వీడన్ రాయబారి మాస్కో ఆస్పత్రికే వచ్చి నోబెల్ బహుమతి ఆయన చేతికిచ్చాడు. పాత లాండావు మాత్రం మళ్ళీ రాలేదు. పరిశోధన మళ్ళీ సాగలేదు, 1968లో పోయారు. అయినా ఆ ఆరేళ్ళు ఆయన భార్యాబిడ్డలవి.

నాకు ఈ కథలో అన్నిటికన్నా పెద్ద సంగతి ఏమిటంటే, అంత దూరం నుంచి వచ్చిన పెద్ద సర్జను కోయకుండా వెళ్ళిపోవడం. పిలిచినవాళ్ళూ చిన్నబుచ్చుకోలేదు, వచ్చినాయనా నా చేతివాటం చూపిస్తానని కూర్చోలేదు. రోగి తల దగ్గర ఇద్దరు డాక్టర్లు నిలబడి, "నువ్వేమంటావు?" అని మనసు విప్పి అడుక్కోగలిగితే దేశాల మధ్య ఉన్న గోడలు అక్కడికి రావు.

మరి ఆ పెన్‌ఫీల్డ్‌కి ఆ చదువు ఎక్కడిది? అది ఇంకా మంచి కథ. ఆయన పుట్టింది అమెరికాలో, 1891లో. చదువుకోడానికి ఆక్స్‌ఫర్డ్ వెళ్ళారు, షెరింగ్టన్ అనే ప్రొఫెసరు దగ్గర. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతోంది. 1916లో ఇంగ్లీషు కాలువ దాటుతుంటే ఆయన ఎక్కిన ససెక్స్ అనే ఓడని జర్మన్ జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. కాలు దెబ్బతింది. పోయాడనే కబురు కూడా పుట్టింది. అలా బతికి బయటపడ్డ మనిషి, 1928లో ఎక్కడికి వెళ్ళారనుకున్నారు? జర్మనీకే. బ్రెస్లావు అనే ఊరు, ఇప్పుడది పోలండులో ఉంది, వ్రోత్స్‌వాఫ్ అంటారు. అక్కడ ఓట్‌ఫ్రిడ్ ఫోర్‌స్టర్ అని ఓ మహానుభావుడుండేవారు. ఈయనే అంతకుముందు మాస్కో వెళ్ళి లెనిన్‌కి వైద్యం చేసినాయన.

ఫోర్‌స్టర్ దగ్గరికి యుద్ధంలో తలకి దెబ్బలు తగిలిన సైనికులు వచ్చేవారు. గాయం మానేది, కాని మెదడు మీద మచ్చ మిగిలి కొన్నేళ్ళకు ఫిట్స్ మొదలయ్యేవి. ఆయన పూర్తి మత్తు ఇవ్వకుండా, తల చర్మానికి మాత్రం మొద్దుబారే సూది వేసి, రోగి మేలుకుని మాట్లాడుతుండగా మెదడు తెరిచేవారు. మెదడుకి నొప్పి తెలియదు బుజ్జమ్మా, నీకు తెలుసు, శ్రీనుకి తెలియదు. సన్నటి కరెంటు పుల్లతో ఒక్కో చోట తాకి చూసేవారు. ఇక్కడ తాకితే వేలు కదిలింది, ఇక్కడ తాకితే మాట ఆగింది. ఏది ముట్టుకోకూడదో అలా గుర్తుపెట్టుకుని, ఫిట్స్ పుట్టించే మచ్చ వరకే తీసేసేవారు. పెన్‌ఫీల్డ్ నెలల పాటు పక్కన నిలబడి అంతా నేర్చుకున్నారు. నా కేసులు, నా పద్ధతి అని ఫోర్‌స్టర్ దాచుకోలేదు. 1930లో ఇద్దరూ కలిసి పేపరు రాశారు. అంతకుముందు 1924లో పెన్‌ఫీల్డ్ స్పెయిన్ వెళ్ళి మాడ్రిడ్‌లో రియో ఒర్తేగా దగ్గర వెండి లవణాలతో మెదడు కణాలకి రంగు పట్టించే విద్య కూడా నేర్చుకొచ్చారు. ఆ మచ్చ లోపల ఏముందో చూడాలంటే ఆ రంగు కావాలి. ఇలా ఊరూరా తిరిగి కూడబెట్టిన చదువంతా పెట్టుబడిగా, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ డబ్బుతో 1934లో మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ లేచింది.

ఇక్కణ్ణుంచి కథ మన వైపు తిరుగుతుంది. కొట్టాయం పిల్లాడు జేకబ్ చాందీ. మద్రాసు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చదివి, బహ్రెయిన్‌లో మిషన్ ఆస్పత్రిలో పనికి చేరారు. అక్కడ పాల్ హారిసన్ అని అమెరికా డాక్టరు. ఈయన చేతిని, బుద్ధిని చూసి, నువ్వు పైచదువుకి వెళ్ళాల్సిందే అని పట్టుబట్టింది ఆయనే. చాందీ అమెరికా వెళ్ళారు, అక్కణ్ణుంచి మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ దగ్గరికి. అక్కడే ఉండిపోతే ఎవరు కాదంటారు? 1949లో వేలూరు వచ్చేశారు. సీఎంసీ ఆస్పత్రిలో ఆయన తెరిచినదే మన దేశంలో మొట్టమొదటి న్యూరోసర్జరీ విభాగం. బ్రెస్లావులో సైనికుల తలల మీద పుట్టిన పద్ధతి మాంట్రియల్ మీదుగా వేలూరు చేరి, చిత్తూరు నుంచీ నెల్లూరు నుంచీ బండి కట్టుకుని వెళ్ళినవాళ్ళ ఫిట్స్‌కి వైద్యమైంది. నేర్పినవాళ్ళలో ఎవరూ చిత్తూరు పేరు విని ఉండరు.

మరుసటి ఏడాది, 1950లో, మద్రాసు జనరల్ ఆస్పత్రిలో బి. రామమూర్తిగారు మొదలుపెట్టారు. ఆయన ఇంగ్లండులో న్యూకాజిల్‌లో రోబోథమ్ దగ్గర నేర్చుకొచ్చారు. 1951లో చాందీ, రామమూర్తి, ఎస్.టి. నరసింహన్, బల్దేవ్ సింగ్ నలుగురూ కలిసి న్యూరలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా స్థాపించారు. ఇద్దరు సర్జన్లు, ఇద్దరు న్యూరాలజిస్టులు. ఇంత పెద్ద దేశానికి అప్పటి బలగం వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతే. ప్రపంచమంతటి న్యూరోసర్జన్ల సంఘాలు కలిసి సమాఖ్య పెట్టుకున్నది 1955లో. 1957లో బ్రస్సెల్స్‌లో మొదటి మహాసభ. 1989కి ఆ మహాసభ మన ఢిల్లీలోనే జరిగింది. నలుగురితో మొదలైన ఇంటికి నలభయ్యేళ్ళు తిరక్కుండా లోకమంతా విందుకి వచ్చింది.

నా సంగతికి వస్తా. గుంటూరులో ఎంబీబీఎస్, జనరల్ సర్జరీ అయ్యాక ట్రైనింగుకి మద్రాసు వెళ్ళాను. డెబ్భైల మొదట్లో. మెదడులో గడ్డ ఎక్కడుందో ఎలా కనుక్కునేవాళ్ళమో మీకు చెబితే ఇప్పుడు నమ్మరు. తల వెనక రెండు పక్కలా బొక్క వేసి, లోపలి నీటిగదిలోకి సన్నటి గొట్టం పంపి, కాస్త నీరు తీసి అంత గాలి ఎక్కించేవాళ్ళం. మళ్ళీ కాస్త నీరు, కాస్త గాలి. అప్పుడు తలని ఇటు తిప్పి, అటు తిప్పి, కిందికి వంచి ఎక్స్‌రేలు. గాలి నల్లగా కనిపిస్తుంది. ఆ నలుపు మధ్యగీత నుంచి ఎటు జరిగిందో చూసి, గడ్డ ఇటు ఉంది అని అంచనా. ఫిల్ము డెవలప్ అయ్యి తడితడిగా లైటు ముందు పెట్టేదాకా ఎవరూ మాట్లాడేవారు కాదు. రోగికి భరించలేని తలనొప్పి, వాంతులు. లోపల ఒత్తిడి ఎక్కువున్న వాళ్ళు ఆ పరీక్షకే దిగజారిపోతారని, అది అవగానే నేరుగా థియేటర్‌లోకి తీసుకుపోయేవాళ్ళం. ఈ గాలి పద్ధతి 1918లో అమెరికాలో వాల్టర్ డాండీ కనిపెట్టింది. మెడలో రక్తనాళంలోకి సూది గుచ్చి మందు ఎక్కించి ఫోటోలు తీసే పద్ధతి పోర్చుగల్‌లో ఎగాస్ మోనిజ్ 1927లో కనిపెట్టింది. మందు పోతూ ఉండగానే ఎక్స్‌రే అబ్బాయి చేత్తో పలకలు లాగుతుండాలి. ఓ క్షణం ఆలస్యమైతే మందు దాటిపోతుంది, మళ్ళీ గుచ్చాలి. 1971 అక్టోబరు 1న లండన్‌లో ఆట్కిన్సన్ మార్లీ ఆస్పత్రిలో మొదటి రోగికి సీటీ స్కాన్ తీశారు. ఆ వార్త చదివి మా సీనియర్ ఒకాయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఆ యంత్రం మాకు అందుబాటులోకి రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

ఆ రోజుల్లో మాకు బయటి ప్రపంచంతో దారి ఏమిటంటే పోస్టు. విదేశీ జర్నల్ ఓడలో వచ్చేది, నెలలు ఆలస్యంగా. లైబ్రరీకి ఒకే ప్రతి. అది కూడా ప్రొఫెసర్ల చేతులు దాటి మా దాకా వచ్చేసరికి మూలలు నలిగిపోయేవి. అందుకని అచ్చేయించిన కార్డులుండేవి. "ఫలానా పత్రికలో మీ వ్యాసం చూశాను, ఒక ప్రతి పంపగలరా" అని. పేరూ, పేజీ నంబరూ నింపి స్టాంపు అంటించి వేయడమే. రెణ్ణెల్లకో మూణ్ణెల్లకో పెద్ద గోధుమరంగు కవరు వచ్చేది. అందులో వ్యాసం, పైన నీలం సిరాతో సంతకం. కొందరు అంతటితో ఊరుకోరు. మీ దగ్గర క్షయ గడ్డలు ఎక్కువట కదా, మీరెలా చేస్తున్నారు, మందులతో ఎన్ని కరుగుతున్నాయి అని ప్రశ్న రాసి పంపేవారు. నేను మొహమైనా చూడని మనుషులు. పోస్టు ఖర్చు కూడా వాళ్ళదే. ఆ కవర్లన్నీ మన పెట్టెలో ఇప్పటికీ ఉన్నాయి, చెదలు పట్టకుండా మీ నాయనమ్మే వేపాకు వేసి కాపాడింది.

1974లో గ్లాస్గో నుంచి వచ్చిన వ్యాసం ఒకటి మా వార్డు నడకనే మార్చేసింది. టీస్‌డేల్, జెనెట్ ఇద్దరు రాసింది. అంతకుముందు తలదెబ్బ రోగి గురించి డ్యూటీ డాక్టరు అర్ధరాత్రి ఫోను చేస్తే, "సగం స్పృహలో ఉన్నాడు సార్" అనేవాడు. సగం అంటే ఎంత? వాడి సగం వేరు, నా సగం వేరు. గ్లాస్గో వాళ్ళు కళ్ళు తెరుస్తున్నాడా, మాట్లాడుతున్నాడా, చెయ్యి కదుపుతున్నాడా అని మూడు చూసి అంకెలు వేయమన్నారు. అవే అంకెలు నెదర్లాండ్స్‌లోనూ లాస్ ఏంజెలిస్‌లోనూ వేసి, కేసులన్నీ ఒక్కచోట కలిపారు. ఎవరు బతుకుతారు, ఎవరు కోలుకుంటారు అని లెక్క తేలింది. ఇవాళ ఒంగోలులో హౌస్ సర్జన్ ఆ అంకెలు కూడి "జీసీఎస్ ఏడు సార్" అంటే గుంటూరులో ఉన్న సర్జన్ చెప్పులు వేసుకుంటాడు.

ఇప్పుడు నీ మైక్రోస్కోపు సంగతి. గాజీ యాషర్గిల్ టర్కీ మనిషి. 1925లో పుట్టారు. స్విట్జర్లాండులో జూరిక్‌లో క్రాయెన్‌బ్యూల్ అనే గురువు దగ్గర పనిచేసేవారు. అప్పటికే పేరున్న సర్జను. అలాంటి మనిషి 1965లో అన్నీ పక్కనపెట్టి అమెరికాలో వెర్మాంట్ అనే చిన్న రాష్ట్రానికి వెళ్ళి, డొనాగీ అనే ఆయన ల్యాబులో ఏడాది పైగా విద్యార్థిగా కూర్చున్నారు. పంపింది ఆ గురువే. అక్కడ మైక్రోస్కోపు కింద, మిల్లీమీటరు మందం రక్తనాళాల్ని వెంట్రుక కన్నా సన్నటి దారంతో కుట్టడం జంతువుల మీద సాధన చేశారు. చెయ్యి ఏ మాత్రం వణికినా ఆ దారం తెగుతుంది, ఊపిరి గట్టిగా వదిలినా సూది కదులుతుంది. తిరిగొచ్చి 1967 అక్టోబరు 30న జూరిక్‌లో ఓ రోగికి నెత్తి మీది రక్తనాళాన్ని మెదడు నాళానికి కలిపి కుట్టారు. ఇంచుమించు అదే సమయానికి వెర్మాంట్‌లో డొనాగీ కూడా అదే ఆపరేషన్ చేశారు. నేర్పినవాడూ నేర్చుకున్నవాడూ పక్కపక్కనే నడిచారు. ఆ తర్వాత జూరిక్ మాకందరికీ బడి అయింది. లోకం నలుమూలల నుంచీ వెళ్ళి ఆయన థియేటర్‌లో నిలబడి చూసి వచ్చారు. మన దేశం నుంచీ వెళ్ళారు. వెళ్ళలేని నాబోటివాళ్ళం వెళ్ళొచ్చినవాళ్ళ దగ్గర నేర్చుకున్నాం. నువ్విప్పుడు వెళ్తున్న నగోయా వైపు కూడా అంతే. బుడగ కట్టిన రక్తనాళానికి పెట్టే సుగితా క్లిప్పు ఆ ఊరి ప్రొఫెసరు కెనిచిరో సుగితా పేరు మీదిదే. అక్కడి ఫుజితా యూనివర్సిటీలో టెట్సువో కన్నో, యోకో కాటో మన కుర్ర సర్జన్లకి ఎన్నో ఏళ్ళుగా చోటిచ్చి నేర్పుతూ వచ్చారు.

అంతా మనం వాళ్ళ దగ్గర తెచ్చుకున్నదే అనుకుంటున్నారా? లేదు. మన దగ్గర్నుంచి వెళ్ళినదీ ఉంది, అది మన మట్టిలోంచి, మన బావి నీళ్ళలోంచి వెళ్ళింది.

మన దర్శి, పొదిలి ప్రాంతం అప్పట్లో నెల్లూరు జిల్లా. నా చిన్నప్పుడు నడుము వంగిపోయి, మెడ తిప్పలేక ఒళ్ళంతా తిప్పి చూసే మనుషులు ప్రతి ఊళ్ళో ఉండేవారు. ముసలితనం అనుకునేవాళ్ళం. వాళ్ళకి నలభై కూడా ఉండేవి కావు. గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసే షార్ట్ దొర, ఆయన సహచరులు 1937లో దీన్ని గుర్తుపట్టి రాశారు: నీళ్ళలో ఫ్లోరైడు. 1955లో సిద్దికీ గారు నల్లగొండ రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఫ్లోరైడు ఎముకలో చేరి ఎముక లావెక్కుతుంది, కీళ్ళ పట్టీలు కూడా ఎముకలైపోతాయి, వెన్నుపాము ఉండే సందు ఇరుకైపోతుంది. కాళ్ళు ముందు బిగుసుకుంటాయి, తర్వాత చచ్చుబడతాయి. అలాంటివాళ్ళకి నేను ఆపరేషన్లు చేశాను. రోగి మెడ వంగదు, మత్తు డాక్టరుకి గొట్టం వేయడమే గండం. వెన్నెముక తెరిస్తే ఎముక మార్కాపురం పలకలా ఉండేది. కొరికే పట్టకారు మొన విరిగిపోయేది. గోరంత ముక్క తీయడానికి అరగంట. కింద నలిగిపోయిన వెన్నుపాము, దానికి ఒక్క దెబ్బ తగిలినా ఉన్న కాస్త కదలికా పోతుంది. హైదరాబాదులో డి. రాజారెడ్డి గారు ఇలాంటి రోగుల్ని ఏళ్ళ తరబడి చూసి రాసిన సంగతులు విదేశీ గ్రంథాల్లో చేరాయి. ఈ జబ్బు గురించి తెలుసుకోవాలంటే తెల్లవాళ్ళు మన డాక్టర్లు రాసినది చదవాల్సిందే. నాగపూర్‌లోని నీరి అనే సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తేర్చే పద్ధతి తయారుచేసి దానికి నల్లగొండ పేరే పెట్టారు. అది టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్ళింది, అక్కడి నీళ్ళదీ మన నీళ్ళ తంటాయే కనుక. సర్జను చేసేది చివరి పని. మంచినీళ్ళు ఇవ్వడం మొదటి పని. ఈ మాట నేను ప్రతి మీటింగులోనూ చెప్పేవాణ్ణి.

ఇంకొకటి చెప్పి ఆపేస్తా. శ్రీనూ, నిద్రొస్తే వెళ్ళి పడుకో నాన్నా.

ఉగాండాలో మ్బాలే అనే ఊరు. 2000 ప్రాంతంలో బెంజమిన్ వార్ఫ్ అనే అమెరికా న్యూరోసర్జన్ కుటుంబంతో సహా వెళ్ళి అక్కడ పిల్లల ఆస్పత్రిలో చేరారు. తలలో నీరు చేరిన పసిబిడ్డలు ఒకరి తర్వాత ఒకరు వస్తున్నారు. ఎక్కువమందికి పుట్టిన కొత్తలో ఇన్‌ఫెక్షన్ వచ్చి అలా అయింది. దీనికి షంటు వేస్తారు, అంటే తలలో నీటిని చర్మం కింద గొట్టంతో పొట్టలోకి దించడం. అప్పట్లో అమెరికా షంటు ఖరీదు 650 డాలర్ల దాకా ఉండేది. మన ఉత్తరప్రదేశ్‌లో షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛాబ్రా షంటు 35 డాలర్లే ఉండేది. ఖరీదు తక్కువ కదా, పని కూడా తక్కువేనా అని చాలామందికి అనుమానం. వార్ఫ్ రెండు రకాలూ పిల్లలకి వేసి ఏడాది పాటు పోల్చి చూసి 2005లో ప్రకటించారు: ఫలితంలో తేడా లేదు. లక్నో సర్జను ఛాబ్రా గారి గొట్టం ఆఫ్రికా బిడ్డల తలల్లో అమెరికా గొట్టంతో సమానంగా పనిచేసింది. ఇది చదివినరోజు నేను ఎంత సంతోషించానో మీ నాయనమ్మకి తెలుసు.

ఆయన అక్కడితో ఆగలేదు. షంటు ఎప్పుడైనా పూడుకుపోవచ్చు. పూడిన రోజున పల్లెలో ఉన్న తల్లి బిడ్డనెత్తుకుని ఆస్పత్రికి చేరేలోపు ప్రాణం పోతుంది. అందుకని అసలు షంటే లేకుండా, సన్నటి ఎండోస్కోపుతో లోపల నీటికి కొత్త దారి తెరిచి, నీరు ఊరే పొరని కాల్చే పద్ధతి పెట్టారు. పసిపిల్లల్లో ఇది పనిచేయదని పెద్దలనుకున్నదాన్ని చేసి చూపించారు. జాన్ ముగాంబా అనే ఉగాండా సర్జన్‌కి నేర్పి, ఆస్పత్రిని ఆయన చేతుల్లో పెట్టి వెళ్ళారు. ఆ తర్వాత బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో చేరి, ఆ పద్ధతిని అమెరికా డాక్టర్లకి నేర్పారు. చూశారా, ఉగాండాలో పుట్టిన వైద్యాన్ని అమెరికా నేర్చుకుంది.

అన్నీ ఇలా జరగవు, అదీ చెప్పాలి. మన పక్కకే ఒకప్పుడు ఓ విదేశీ బృందం వారం రోజుల క్యాంపుకి వచ్చింది. మంచి మనసుతోనే వచ్చారు, కాదనను. వరసగా ఆపరేషన్లు చేశారు, ఫోటోలు దిగారు, వెళ్ళిపోయారు. పదో రోజున కుట్ల దగ్గర చీము పట్టిన బిడ్డని తల్లి నా దగ్గరికి తెచ్చింది. లోపల ఏం వేశారో, ఎలా వేశారో రాసిన కాగితం లేదు. అక్కడి కుర్ర డాక్టర్లలో ఒక్కరి చేతికీ ఒక్క పనీ నేర్పలేదు. అది సాయం కాదు. వచ్చినాయన వెళ్ళిపోయాక ఆ పని ఆ ఊళ్ళో సాగితేనే సాయం. టాంజానియాలో హైడమ్ అనే పల్లెలో దిలాన్ ఎలెగాలా అనే సర్జన్ ఈ సంగతి కనిపెట్టి, తను కోయడం తగ్గించి అక్కడి వైద్య సహాయకుడు ఒకాయనకి నేర్పడం మొదలుపెట్టారు. ఆ దారే సరైనదని నా గట్టి నమ్మకం. 2018లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 50 లక్షల మందికి పైగా న్యూరోసర్జరీ అవసరమై కూడా అందక మిగిలిపోతున్నారు. విమానాల్లో తిరిగే సర్జన్లతో తీరే కరువు కాదిది.

అందుకే బుజ్జమ్మా, వెళ్ళు. మీ నాయనమ్మ ఒప్పుకుంటుంది, ఇప్పటికే సగం ఒప్పుకుంది, మొహం చూడు. అక్కడ చూసింది ప్రతిరోజూ రాత్రి నోటు పుస్తకంలో రాసుకో, బొమ్మ గీసుకో. వాళ్ళు అడిగితే మన కేసుల సంగతి దాచకుండా చెప్పు, మన దగ్గర్నుంచి వాళ్ళు నేర్చుకునేదీ ఉంది. తిరిగొచ్చాక కార్పొరేట్ ఆస్పత్రిలో చేరతావో, ప్రభుత్వంలో ఉంటావో నీ ఇష్టం. ఒక్కటి మాత్రం చెయ్యి. ఈ హైవే మీద బండి మీంచి పడి, కాసేపు మామూలుగా మాట్లాడి, పుర్రె కింద రక్తం చేరి రెండు మూడు గంటల్లో పోయే కుర్రాళ్ళు ఎందరో. వాళ్ళు నీ దగ్గరికి చేరేసరికి ఆలస్యమైపోతుంది. జిల్లా ఆస్పత్రుల్లో ఉన్న జనరల్ సర్జన్లని పిలిచి, నెలకోసారైనా కూర్చోబెట్టి, పుర్రెకి బొక్క వేసి ఆ రక్తం తీయడం నేర్పు. ఫీజు అడక్కు. నీకు నేర్పినవాళ్ళెవరూ అడగలేదు.